బండి రద్దు కాలేదు

ఫిబ్రవరి 11

వారం రోజులు నోరు తెరవకూడదట. గుసగుసలు కూడా వద్దన్నారు, వాటితో గొంతు ఇంకా అలిసిపోతుందట. ఇరవై మూడేళ్లుగా బస్‌స్టాండు మైకులో వాగి బతికినవాణ్ణి, వారం రోజులు ఏం చేయను? మా ఆవిడ తను పనిచేసే బైండింగు షాపు నుంచి ఈ పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. గీతలు వంకరగా పడ్డాయని యజమాని పక్కన పడేశాడట. "ఇందులో వాగండి" అంది.

దీన్ని ఎవరూ చదవరు. నాకదే కావాలి.

గొంతు బొంగురుపోయి మూడు నెలలు. నవంబరులో దుమ్మనుకున్నాను. మూడో ప్లాట్‌ఫారం దగ్గర సిమెంటు పని జరుగుతోంది. డిసెంబరులో చలి అనుకున్నాను. జనవరిలో మైకు పాడైందని డిపోకి అర్జీ పెట్టుకున్నాను. కొత్త మైకు వచ్చింది. అందులోనూ నా గొంతు రేకు మీద ఇసుక పోసినట్టే వచ్చింది. మా సందు చివర కాంపౌండరు మూడుసార్లు మాత్రలు మార్చాడు. మూడోసారి మాత్రలు చూసి మా ఆవిడ, "ఇతను మీ గొంతు బాగుచేస్తున్నాడా, తన చేతికి పని చెప్పుకుంటున్నాడా" అని, ఈరోజు షాపుకి సెలవు పెట్టి నన్ను సర్కారు ఆసుపత్రికి లాక్కుపోయింది.

గొంతు డాక్టరమ్మ మంగళవారం, శుక్రవారం మాత్రమే వస్తుంది. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి చూసింది. తెర మీద నాకూ చూపించింది. తెల్లటి తీగలు రెండు. ఒకదాని అంచున ఆవగింజంత మచ్చ. నా గొంతుని నేను చూడటం ఇదే మొదలు. ఇంత చిన్నదా అనిపించింది, నాలుగువేల మందికి వినిపించే వస్తువు.

"చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి" అంది. "సిగరెట్లు ఎన్ని తాగుతారు?" అని అడిగింది. రెండు వేళ్లు చూపించాను. మా ఆవిడ కిటికీ వైపు చూసింది.

పుండే అయ్యుంటుంది. కొత్త చెప్పుకి కాలు ఒరుసుకోదా? అలాగే ఇదీ.

ఫిబ్రవరి 12

మా బస్‌స్టాండు కంట్రోలరు నా బదులు రికార్డు పెట్టించాడట. ఎవరో అమ్మాయి గొంతు. ఆలస్యమైన బండిని కూడా నవ్వుతూ చెబుతోందట.

ఫిబ్రవరి 14

రెండు వేళ్లు అంటే పొద్దున్న రెండు అని. మధ్యాహ్నం సంగతి డాక్టరమ్మ అడగలేదు.

ఫిబ్రవరి 18

మత్తిచ్చి ముక్క తీశారు. మెలకువ వచ్చేసరికి మా ఆవిడ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఎవరో ఇచ్చిన మందుల చీటీని నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ పెడుతోంది. షాపులో రోజుకి వేల కాగితాలు మడత పెట్టే చేతులు. ఖాళీగా ఉండలేవు.

రిపోర్టుకి రెండు వారాలు పడుతుందన్నారు. మళ్లీ చెప్పేదాకా నోరు తెరవొద్దన్నారు. ముక్కని చూసి చెప్పే డాక్టరు ఇక్కడ లేడు. పట్నం పంపాలి.

ఫిబ్రవరి 19

పెట్టె. రోజుకి ఒక పెట్టె. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాయడం ఎందుకు?

ఇవాళ ఒక్కటీ కాల్చలేదు. రేపటి సంగతి రేపు.

మార్చి 4

రిపోర్టు రాలేదు. "వచ్చే మంగళవారం రండి" అన్నాడు గుమాస్తా. పోయిన శుక్రవారం కూడా ఇదే మాట.

రాకపోతే మంచిదే కదా. చెడ్డదైతే వాళ్లే కబురు పెట్టరా? ఆ మాటే కాగితం మీద రాసి మా ఆవిడకి చూపించాను. చదివి, కాగితం నా చేతికే ఇచ్చేసి అంట్లు తోముకోవడానికి వెళ్లిపోయింది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. ఆవిడ దగ్గర నా ధైర్యాలు చెల్లవు.

మార్చి 11

గుమాస్తా మళ్లీ "రాలేదు" అన్నాడు. మా ఆవిడ కౌంటరు మీద మోచేతులు ఆనించింది.

"వచ్చిన కట్టలు ఎక్కడ పెడతారు బాబూ?"

"అక్కడ. కానీ మీది లేదమ్మా, చూశాను."

"ఎలా చూశావు? పేరుతోనా, వయసుతోనా?"

"వయసు, నంబరు చూసి."

"ఇటివ్వు. కాగితాలు తిప్పడమే నా పని."

అతను ఏమనుకున్నాడో, నాలుగు కట్టలు ముందుకు తోశాడు. బొటనవేలు తడి చేసుకుని ఆవిడ తిప్పుతుంటే కౌంటరు వెనక ఉన్నవాళ్లంతా పని మానేసి చూశారు. మూడో కట్టలో దొరికింది. యాభై రెండేళ్లకి బదులు ఇరవై అయిదు అని పడింది. కుర్రవాళ్ల కాగితాల కట్టలో పన్నెండు రోజులుగా పడి ఉంది. గుమాస్తా ముఖం మాడిపోయింది. "తప్పైపోయిందమ్మా, ఒక్కణ్ణే ఉన్నాను, రోజుకి మూడొందల కాగితాలు" అన్నాడు. మా ఆవిడ అతన్ని తిట్టలేదు. ఆ టైములో తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది నాకు. ఎందుకంటే ఆవిడ అప్పటికే కాగితం చదివేసింది.

డాక్టరమ్మ కూర్చోమంది. చెప్పింది. పెద్దాసుపత్రికి చీటీ రాసింది.

మార్చి 12

రాయడానికి ఏమీ లేదు.

మార్చి 14

మా బావమరిది, అతని భార్య వచ్చారు. మా ఆవిడకి అన్నగారు. టైల్సు కొట్టు ఉంది. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు గనక నా సంగతి మూడు వీధులకి తెలిసిపోయిందని అర్థం.

"బావా, ఒక్క మాట చెప్తా విను. కత్తి మాత్రం పెట్టించుకోకు. కత్తి తగిలిందంటే అది నిద్ర లేచినట్టే. ఒళ్లంతా పాకుతుంది. మా వీధి చివరాయన ఆపరేషన్ చేయించుకున్న మూడో నెలకే పోయాడు."

నా పుస్తకంలో రాసి చూపించాను: ఆయన ఆపరేషన్‌కి ముందు ఎన్నాళ్లు ఆగాడు?

"ఏడాదిన్నర. ఎందుకూ?"

అడిగినంత మాత్రాన నాకు ధైర్యం వచ్చిందని కాదు. ఆయన ఏడాదిన్నర, నా మూడు నెలలు అని మనసులో పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటున్నాను.

అప్పుడు నేను మంచినీళ్లు తాగుతుంటే మా ఆవిడ వదినగారు, "ఆయన గ్లాసు వేరే పెట్టుకున్నావా వదినా? అమ్మాయి కూడా వచ్చిపోయే ఇల్లు" అంది. మెల్లగానే అంది. మంచికే అనుకుని అంది.

మా ఆవిడ నా చేతిలో గ్లాసు తీసుకుంది. నేను సగం తాగి వదిలిన నీళ్లు. నిలబడి గటగటా తాగేసి, గ్లాసు బోర్లించి బల్ల మీద పెట్టింది.

"ఇది అంటుకునేది కాదు వదినా. డాక్టరమ్మని అడిగాను. క్యాన్సర్ అంటుకోదు."

మా ఇంట్లో ఆ మాట ఎవరో ఒకరు పైకి అనడం అదే మొదటిసారి. మూడు రోజులుగా నేను కాగితాల మీద 'అది' అని రాస్తున్నాను, మా అమ్మాయి ఫోనులో 'నాన్న విషయం' అంటోంది. వాళ్లు వెళ్లిపోయాక నా వైపు తిరిగి, "మీరూ రాయండి ఆ పేరు. మొగుడి పేరా ఏంటి, పలకడానికి మొహమాటం" అంది.

క్యాన్సర్.

రాశాను. పుస్తకం కాలిపోలేదు.

మార్చి 17

పెద్దాసుపత్రి. తెల్లవారకముందే బయల్దేరి ఆరు గంటల ప్రయాణం. మా డిపో బండే. కండక్టరు నన్ను చూసి ముందు సీటు ఇచ్చాడు. ఊరంత వరస. నేలమీద పరిచిన దుప్పట్ల మధ్య నుంచి దారి చూసుకుంటూ నడవాలి. ఎనిమిది జిల్లాలకి కరెంటు పెట్టే మిషను ఇదొక్కటేనట. కరెంటు అంటే మన కరెంటు కాదు, కిరణాలు. కానీ ఇక్కడ అందరూ కరెంటనే అంటారు. "మీకు ఎన్ని కరెంట్లు రాశారు?" అని పలకరింపు.

పెద్ద డాక్టరమ్మ జుట్టు నెరిసింది, మాట మెత్తన. నా కాగితాలన్నీ చూసి, గొట్టం వేసి చూసి, చేతులు తుడుచుకుంటూ చెప్పింది.

"మీ జబ్బుకి ఒక మంచి గుణం ఉందండీ. ముందే అరిచి చెప్తుంది. కడుపులో వచ్చేవి చప్పుడు చేయవు. ఇది రాగానే గొంతు మారిపోతుంది. మూడు వారాలు దాటి బొంగురు తగ్గకపోతే రావాలి. మీరు మూడు నెలలకొచ్చారు."

నేను తల దించుకున్నాను.

"అయినా ఇంకా ఆ తీగ దాటి పోలేదు. మొదటి దశే. కత్తి అక్కర్లేదు. ఇరవై ఎనిమిది సార్లు కరెంటు పెడతాం. ఇలాంటివాళ్లు వందలో తొంభై మంది బాగుపడతారు."

మిగతా పది మందో? అని రాశాను.

"వాళ్లలోనూ చాలామందికి తర్వాత ఆపరేషన్ దారి ఉంది. మీరు ముందు తొంభైలో కూర్చోండి. కూర్చున్నవాళ్లని నేను లేపను."

ఆ గదిలోంచి బయటికి వచ్చేసరికి నా కాళ్లు తేలికగా ఉన్నాయి. సంతోషం అనలేను. ఊపిరి ఆడింది. మిషను దగ్గర నా వంతు మూడు వారాల తర్వాత. మూడు నెలలు ఊరికే పోగొట్టినవాడికి మూడు వారాలు కోపం తెప్పించడం విచిత్రం.

"గొంతు తిరిగి వస్తుందా?" అని మా ఆవిడ అడిగింది, నేను రాయలేకపోయిన ప్రశ్న.

"చాలామందికి వస్తుంది. ముందు ఇంకా పాడవుతుంది, తర్వాత వస్తుంది. సిగరెట్టు ముట్టుకోనంటే."

ఏప్రిల్ 7

ఒకటి.

ముఖానికి వేడి ప్లాస్టిక్కు వల పరిచి అచ్చు తీశారు. ఆ అచ్చుతో తలని బల్లకి బిగిస్తారు, కదలకుండా. మిషను గదిలో నేనొక్కణ్ణే. తలుపు మూసుకుంది. రెండు మూడు నిమిషాలు ఏదో గుయ్‌మంది. నొప్పి లేదు, వేడి లేదు. ఇంతేనా అనుకున్నాను. మిషను నడిపే అమ్మాయి వల విప్పుతూ "ఇంతే సార్" అంది.

ఆసుపత్రి వెనక వీధిలో ఒక గది తీసుకున్నాం. వైద్యం ఉచితమే, కానీ మనిషి ఆరు వారాలు ఎక్కడో పడుకోవాలి కదా. మా ఆవిడకి షాపు యజమాని సెలవిచ్చాడు, జీతం లేని సెలవు.

ఏప్రిల్ 11

అయిదు. వరసలో నా పక్కన రోజూ ఒక తాపీమేస్త్రి కూర్చుంటాడు. బుగ్గలో పుండు. పన్ను గుచ్చుకుంటోందని పన్ను పీకించుకున్నాడట, ఆ తర్వాత ఎవరో పసరు రాశారట. వచ్చేసరికి దవడలో కొంత తీసేయాల్సి వచ్చింది. ఇప్పుడు కరెంటు. బుగ్గకి తువ్వాలు చుట్టుకుని ఉంటాడు. మాట ముద్దగా వస్తుంది గాని నోరు మూసుకునే రకం కాదు. నేను మాట్లాడను గనక నాకన్నా మంచి శ్రోత దొరకడు.

"మైకన్నా" అంటాడు నన్ను. మా ఆవిడ నా ఉద్యోగం చెప్పింది. "మైకన్నా, ఆ మిషను గది గోడ చూశావా? మూడడుగుల పైనే మందం. ఇంత గోడ నేను నా జన్మలో కట్టలేదు. లోపలున్న ఆ కిరణం మామూలుది కాదు. మన జబ్బు దాని ముందు ఎంత?"

ఏప్రిల్ 18

పది. మింగుతుంటే నొప్పి. అన్నం మెత్తగా పిసికి పెడుతోంది మా ఆవిడ. మా అమ్మాయి బడికి సెలవులిచ్చాక వస్తానంది. అది చిన్నపిల్లల బడిలో పాఠాలు చెబుతుంది. ఫోను స్పీకర్లో పెట్టి పిల్లల చేత వల్లె వేయించిన పద్యాలు నాకు వినిపించింది. ఒక పిల్లవాడు చివరి పాదం మరిచిపోయి, "అంతే" అన్నాడు.

ఏప్రిల్ 22

పన్నెండు. మేస్త్రికి ఇరవై. అతనివి మొత్తం ముప్పై.

ఏప్రిల్ 23

మిషను ఆగిపోయింది. తలుపు మీద కాగితం అంటించారు.

ఏప్రిల్ 25

ఏదో భాగం కాలిపోయిందట. విమానంలో రావాలట. ఎప్పుడో చెప్పలేం అంటున్నారు. పెద్ద డాక్టరమ్మ స్వయంగా వరండాలోకి వచ్చి, "సగంలో ఉన్నవాళ్లు ఎవరూ వెళ్లకండి. మిషను లేవగానే మీకే ముందు పెడతాం. పోయిన రోజులు శనివారాలు పెట్టి పూడుస్తాం. సగంలో వదిలేస్తే మాత్రం ఇన్నాళ్లు చేసింది వృథా" అంది. బెంచీల మీద మనుషులు తల ఊపారు. మధ్యాహ్నానికి మూడు బెంచీలు ఖాళీ. పళ్లమ్ముకునే పెద్దావిడ నిన్నటిదాకా నా ఎదురుగా కూర్చునేది. ఇవాళ లేదు.

నేనూ వెళ్లిపోదామా అనుకున్నాను. రాయకూడదనుకున్నాను, రాశాను. పన్నెండు పెట్టించుకున్నాను కదా, మచ్చ ఆవగింజంతే కదా, సగం పోయే ఉంటుంది అని.

ఏప్రిల్ 26

ఇవాళ జరిగింది సరిగ్గా రాసుకోవాలి.

పొద్దున్న మా ఆవిడ కుళాయి దగ్గర బట్టలు ఉతుక్కోవడానికి వెళ్లింది. నేను వరండాలో కూర్చున్నాను. మేస్త్రి సంచీ భుజాన వేసుకుని వచ్చాడు.

"వెళ్తున్నా అన్నా. మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాళ్ల ఊరవతల ఒకాయన వేరు నూరి ఇస్తాడంట. నలభై రోజుల్లో పుండు ఎండిపోతుందంట. ఇక్కడ మిషనే చచ్చింది, మనం బతుకుతామా? అక్కడ మేడ పని సగంలో ఉంది. నా మనుషులు ఖాళీగా కూర్చున్నారు."

నేను పుస్తకం తీసి పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను: వెళ్లకు. ఇరవై అయిపోయాయి. పదే మిగిలాయి. చూపించాను.

అతను పుస్తకాన్ని చూసి నవ్వాడు, ఒక వైపు నవ్వు.

"నాకు అక్షరం రాదన్నా. ఇటుకలైతే లెక్కపెడతా."

ఇన్నాళ్లు పక్కన కూర్చుని ఆ సంగతి నాకు తెలియనే లేదు. నేను రాసినప్పుడల్లా మా ఆవిడే చదివి వినిపించేది. చేతులు ఊపాను. గేటు వైపు చూపించి వద్దన్నాను. అతను నా భుజం తట్టి, "నువ్వు జాగ్రత్త" అని మెట్లు దిగాడు. చుట్టూ చూశాను. చదివి పెట్టేవాళ్లు ఎవరూ లేరు. అతను గేటు దాకా వెళ్లాడు.

అప్పుడు నోరు తెరిచాను. ఏం మాట్లాడాలో తెలియలేదు. ఇరవై మూడేళ్లుగా నా గొంతుకి వచ్చిన భాష ఒకటే. అదే వచ్చింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి."

గొంతు కాదది, చీపురుతో నేల గీకిన చప్పుడు. కానీ అతను ఆగాడు.

"బండి రద్దు కాలేదు. రిపేరులో ఉంది. దయచేసి ప్రయాణికులెవరూ దిగవద్దు."

గేటు దగ్గర కాపలా మనిషి కూడా తిరిగి చూశాడు. మేస్త్రి నన్ను చూస్తూ నిలబడ్డాడు. తర్వాత అతని భుజాలు కదలడం మొదలుపెట్టాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో దూరానికి తెలియలేదు. దగ్గరికి వచ్చాక చూస్తే రెండూ.

"గొంతు పాడు చేసుకున్నావు కదన్నా నాకోసం" అన్నాడు. సంచీ బెంచీ కింద పెట్టాడు. "సరే. బండి కదిలేదాకా కూర్చుందాం."

మా ఆవిడ తడి బట్టలతో వచ్చేసరికి ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. మేస్త్రే చెప్పాడు. ఆవిడ నన్ను తిడుతుందనుకున్నాను. బకెట్టు కింద పెట్టి, "మేడ పని చేసే మీ మనుషుల నంబరు ఇవ్వు, నేను మాట్లాడతాను" అంది అతనితో.

వెళ్లిపోదామా అని నిన్న రాసుకున్నవాణ్ణి నేనే. అతన్ని ఆపబట్టి నేనూ ఆగాను.

ఏప్రిల్ 30

మిషను లేచింది. పదమూడు. ఆ నాలుగు మాటల సంగతి డాక్టరమ్మకి మా ఆవిడ చెప్పేసింది. "దానికేం కాదు. రోజూ మీటింగులు పెట్టకండి" అంది డాక్టరమ్మ.

మే 10

మేస్త్రికి ముప్పై అయిపోయాయి. వెళ్తూ వెళ్తూ మిషను గది గోడని అరచేత్తో తట్టి వెళ్లాడు, పని ముగించిన గోడని తట్టినట్టు.

మే 16

ఇరవై ఎనిమిది. రెండు శనివారాలు, ఒకరోజు పొద్దున్న ఒకటి సాయంత్రం ఒకటి పెట్టి లెక్క సరిచేశారు. మెడ తోలు నల్లబడింది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు. మిషను అమ్మాయి నా ముఖం అచ్చు నాకే ఇచ్చేసింది. మా ఆవిడ దాన్ని చూసి, "మీ ముక్కు ఇంత పెద్దదా" అంది. చాలా రోజులకి నవ్వింది.

జూన్ 9

గొంతు లేదు.

జూన్ 20

గొంతు లేదు. రికార్డు అమ్మాయినే శాశ్వతంగా ఉంచుతారని కంట్రోలరు చెప్పాడట. చెప్పనీ. నేను టికెట్లు చింపే పని అడుగుతాను. మనిషి మిగిలితే చాలు అని మార్చిలో అనుకున్నవాణ్ణి. ఇప్పుడు గొంతు కూడా కావాలంటున్నాను. ఆశకి అంతు లేదు.

జులై 3

ఫోను మోగింది. మా ఆవిడ స్నానాల గదిలో ఉంది. అలవాటుకొద్దీ ఎత్తాను. ఎవరో, "గ్యాస్ ఏజెన్సీయా?" అన్నాడు.

"రాంగ్ నంబరండీ" అన్నాను.

"ఓ, సారీ" అని పెట్టేశాడు.

చేతిలో ఫోనుతో అలాగే నిలబడిపోయాను. అతను "ఆఁ? ఏంటి?" అనలేదు. మళ్లీ చెప్పమనలేదు. ముక్కూ ముఖం తెలియని మనిషికి, ఎక్కడో వీధి చప్పుడులో నిలబడ్డవాడికి, నా మాట మొదటిసారికే అర్థమైంది. మా ఆవిడ తల తుడుచుకుంటూ వచ్చి ఎవరని అడిగింది. "రాంగ్ నంబరు" అన్నాను. తువ్వాలు అలాగే పట్టుకుని, "ఇంకోసారి అనండి" అంది. అన్నాను. మూడోసారి కూడా అనిపించింది.

ఆగస్టు 12

గొట్టం వేసి చూసింది పెద్ద డాక్టరమ్మ. చాలాసేపు చూసింది. చాలాసేపు అంటే నాకు. తెర నా వైపు తిప్పింది. తీగలు రెండూ కాస్త ఎర్రగా ఉన్నాయి. మచ్చ ఉన్నచోట మచ్చ లేదు.

"శుభ్రంగా ఉంది. రెండు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి, అయిదేళ్లపాటు. కానీ ఇవాళ్టికి శుభ్రంగా ఉంది. పనిలోకి వెళ్లొచ్చు. అరవకూడదు. మైకు ఉన్నది అరవకుండా ఉండటానికే కదా?"

బయట మా ఆవిడ బెంచీ మీద కూర్చుని గోడకి తల ఆనించి నిద్రపోతోంది. రాత్రంతా బండిలో కన్ను మూయలేదు. లేపాలనుకున్నాను. లేపలేదు. పక్కన కూర్చున్నాను. ఫరవాలేదు, ఈ మాట పది నిమిషాలు ఆగినా చెడిపోదు. ఇన్ని నెలల్లో ఆలస్యమైనా నష్టం లేని కబురు ఇదొక్కటే. లేచి నన్ను చూసింది. నా ముఖంలోనే రిపోర్టు చదువుకుంది. కొంగుతో ముఖం తుడుచుకుని, "ఆకలేస్తోంది" అంది. నిజంగా ఆకలితో తిన్నది, నా పళ్లెంలోది కూడా.

మేస్త్రి అక్కడే కలిశాడు. ఒళ్లు చేశాడు. నోరు రెండు వేళ్లకి మించి తెరుచుకోదు గాని పుండు లేదు. మళ్లీ రమ్మన్నారట. మేడ పూర్తయిందట. పళ్లమ్మే పెద్దావిడని ఎవరూ చూడలేదు. అడిగాను. కాగితాల్లో ఆవిడ పేరు ఎదురుగా, మళ్లీ రాలేదని, గీత గీసి ఉందన్నారు.

ఆగస్టు 18

డ్యూటీలో చేరాను. టైముకి వచ్చే బండ్లు రికార్డు అమ్మాయికి, ఆలస్యమయ్యేవీ, ప్లాట్‌ఫారం మారేవీ నాకూ అని కంట్రోలరు పంచాడు. అంటే పని అంతా నాదే.

గొంతు పాతది కాదు. కొంచెం బరువు, కొంచెం గరుకు. టీ కొట్టువాడు "మైకులో ఎవరో కొత్తాయన వచ్చాడు, బాగా చెప్తున్నాడు" అన్నాడట.

ఆగస్టు 29

నిన్న భోజనాల టైములో కంట్రోలరు మైకు గది తలుపు వేసి గడియ పెట్టాడు. ఎప్పుడూ జోకులేసే మనిషి. బుగ్గలో ఎప్పుడూ గుట్కా ఉండాల్సిందే.

"నువ్వు ఆ ఆసుపత్రులన్నీ తిరిగావు కదా. ఇది కాస్త చూడు. ఎవరికీ చెప్పకు" అని నోరు తెరిచాడు. బుగ్గ లోపల తెల్లటి మచ్చ, గోరంత.

"ఎన్నాళ్లైంది?"

"ఏమో. రెండు నెలలు. నొప్పి లేదు. అందుకే..."

నొప్పి లేదు. నా మచ్చకీ నొప్పి లేదు. ఏం చెప్పాలా అని ఆలోచించలేదు. రేపు శుక్రవారం, డాక్టరమ్మ ఉండే రోజు, అన్నాను. డ్యూటీ చార్టులో ఇద్దరి పేర్లూ నేనే కొట్టేశాను.

ఇవాళ పొద్దున్నే వెళ్లాం. వరసలో కూర్చున్నంతసేపూ అతను తన చెప్పులు చూసుకుంటూనే ఉన్నాడు. "అదే అయితే?" అన్నాడు ఒకసారి. "అయితే మందుంది. మిషనుంది. నేనున్నాను" అన్నాను. లోపల డాక్టరమ్మ దీపం వేసి చూసింది, వేలితో తడిమి చూసింది. ఇది ఇంకా క్యాన్సర్ కాలేదంది, అవడానికి ముందు మెట్టు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది, అనుమానం ఉంచుకోకూడదని. గుట్కా ఇవాళే మానేస్తే ఇలాంటి మచ్చలు చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయంది, తగ్గకపోతే అంత మేరకి తీసేస్తామంది. కంట్రోలరు బయటికి వచ్చి జేబులోంచి పొట్లాలు తీసి, ఎక్కడ పడేయాలో తెలియక నా చేతిలో పెట్టాడు. చెత్తబుట్టలో వేసి వచ్చాను.

ముక్క తీసినచోట దూది పెట్టుకుని అరగంట కూర్చోమన్నారు. వరండా కిక్కిరిసి ఉంది. గది తలుపు దగ్గర కొత్తగా వచ్చిన నర్సు, పిట్టంత మనిషి, పిట్టంత గొంతు, నంబర్లు పిలుస్తోంది. ఎవరికీ వినపడటం లేదు. నలభై ఆరు అని రెండుసార్లు పిలిచి, ఎవరూ లేవకపోయేసరికి నలభై ఏడుని పంపబోయింది. నా ఎదురుగా వెనక గోడ దగ్గర ఒక ముసలాయన చీటీని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. దాని మీద నలభై ఆరు. మెడకి మఫ్లరు చుట్టుకున్నాడు. ఎంత దూరం నుంచి వచ్చాడో.

నేను లేచి నిలబడ్డాను. అరవలేదు. పొట్టలోంచి గాలి తీసుకుని మెల్లగా, స్పష్టంగా, ప్రతి అక్షరం విడదీసి చెప్పాను.

"నంబరు నలభై ఆరు. నలభై ఆరు నంబరు వారు డాక్టరు గారి గదిలోకి రావలసిందిగా కోరుతున్నాము."

వెనక గోడ దాకా వెళ్లింది. ముసలాయన తలెత్తి, గబగబా లేచి, జనం పక్కకి జరిగి దారిస్తుంటే లోపలికి నడిచాడు.

నర్సు నా దగ్గరికి వచ్చి, "సార్, ఇంకో పది నంబర్లున్నాయి" అంది.

"చెప్పమ్మా" అన్నాను.